పదకొండో చెట్టు

బండారులంకలో కాలవ గట్టు మీద సైకిలు షాపు పెట్టుకున్న ఆయన పోయారని నాకు నెల తిరిగాక తెలిసింది. మోటారు సైకిలు మీద ఆ దారిన వెళ్తుంటే రేకుల షెడ్డుకి తాళం కనిపించింది. పండగపూట కూడా తాళం వేసే మనిషి కాదు. పక్కన కుట్టుమిషను పెట్టుకున్న టైలరుని అడిగితే కాలు ఆపకుండానే చెప్పాడు.

"మీకు తెలీదాండి మేస్టారూ? నెల దాటిపోయిందండి. వెన్నులో గడ్డంట. ఓ ఆర్నెల్లు ముందు తీసుకొచ్చుంటే ఏదో ఒకటి చేసేవాళ్లమన్నారంటండి డాక్టర్లు."

"అంతకాలం ఎవరూ గమనించలేదా?"

"ఆయన చెప్తే కదండి గమనించడానికి. అడిగినవాళ్లందరితోనూ ఆయ్, బాగున్నానండి అనేవారు."

ఆ అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అంతకు ఎనిమిది నెలల ముందు అదే షెడ్డు దగ్గర బండి ఆపి అడిగాను. మా ఆవిడ అమలాపురంలో ఆసుపత్రి నర్సు. ఆ రోజు నేను ఆయన్ని బండి వెనకాల ఎక్కించుకుని తీసుకెళ్లి ఉంటే, చూడవలసిన డాక్టరు గంటలో చూసి ఉండేవారు. ఎక్కించుకోలేదు. అది ఎంత పెద్ద తప్పో తెలియాలంటే ముందు ఆయన ఎలాటి మనిషో తెలియాలి. పేరు మాత్రం రాయను. రాస్తే, నా పేరు కాగితాల్లోకి ఎందుకండీ అని మెలికలు తిరిగిపోయే రకం ఆయన.

తొంభైల మొదట్లో నేను గోదావరి పాయ మీద కాలవని దాటించే గన్నవరం అక్విడెక్టు వంతెన అవతల, మామిడికుదురు వైపు ఒక హైస్కూల్లో లెక్కల మేస్టారుని. కాపరం అమలాపురంలో. మా ఆవిడ ఉద్యోగం వల్ల ఇల్లు మార్చే వీలు లేదు. బస్సుని నమ్ముకుంటే రెండు చోట్ల మారాలి, అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ ఒకటి అడ్డం తిరిగిందంటే స్కూల్లో ప్రార్థన అయిపోయేది. ప్రార్థన అయ్యాక వచ్చినవాళ్లకి మా హెడ్మాస్టరు మారుమాట లేకుండా అరపూట సెలవు రాసేసేవారు. అందుకని కాకినాడలో ఒక కాలేజీ కుర్రాడి దగ్గర సెకండ్‌హ్యాండులో రేసు సైకిలు కొన్నాను. సన్నటి టైర్లు, చాకులాంటి సీటు, కొమ్ములు కిందికి వంగిన హ్యాండిలు. చుట్టుపక్కల అలాటిది ఇంకొకటి లేదు. పిల్లలు దానికి పొట్టేలు అని పేరు పెట్టారు. నేను మలుపు తిరగ్గానే "మేస్టారు పొట్టేలెక్కి వస్తున్నారోయ్" అని గేటు దగ్గర కేకలు వినిపించేవి. కోపం నటించేవాణ్ని గానీ లోపల గర్వంగానే ఉండేది.

ఆ గర్వం మూడు నెలలు నిలిచింది. పోనూ రానూ రోజుకి దగ్గర దగ్గర యాభై కిలోమీటర్లు. ముందు మెడ పట్టేసింది. తర్వాత నడుం. ఆ తర్వాత కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ తిమ్మిరెక్కిపోయి, బోర్డు మీద లెక్క సగంలో ఉండగా సుద్దముక్క జారి కింద పడేది. తీసుకుంటే మళ్లీ పడేది. "సైకిలు మానెయ్యండి, లేకపోతే చెయ్యి మానేస్తుంది" అంది మా ఆవిడ. సైకిలు మానేస్తే ఉద్యోగం మానుకోవాలి. ఆ మాట ఆవిడకీ తెలుసు.

అలాటి రోజుల్లో ఒక సాయంత్రం గాలి కొట్టించుకుందామని ఆయన షాపు ముందు ఆగాను. యాభై దాటిన మనిషి. పొడుగు, సన్నం. లుంగీ నడుముకి పానా దోపుకుని, టైలరు టేపు వేసుకున్నట్టు మెడలో మగ్గం పడుగు దారం వేసుకుని ఉన్నారు. నా మొహం చూడలేదు. మోకాళ్లు చూశారు. చెప్పు విప్పించి అడుగు ఎక్కడ అరిగిందో చూశారు. నా వెనక్కి తిరిగొచ్చి, చొక్కా మీద చెమట మరక ఎక్కడ పట్టిందో చూశారు.

"గాలి కొడితే చాలు బాబాయిగారూ. సైకిలు బాగానే ఉంది" అన్నాను.

"ఆయ్" అన్నారు. గాలి కొట్టారు. "ఓసారి కాలవ లాకుల దాకా తొక్కండి మేస్టారూ. నేను వెనకాల వస్తాను."

తన పాత సైకిలెక్కి నా వెనకాల వచ్చారు. లాకుల దగ్గర తిరిగి షాపుకి వచ్చాక సైకిలు స్టాండు వేస్తూ అన్నారు.

"పదకొండో చెట్టు దగ్గర సర్దుకున్నారండి."

"ఏం సర్దుకున్నాను?"

"సీటు మీద కదిలేరండి. గట్టు మీద కొబ్బరిచెట్లు లెక్కెట్టేను. పదకొండో చెట్టు దగ్గర అటు నుంచి ఇటు సర్దుకున్నారు. పధ్నాలుగు దగ్గర కుడిచెయ్యి విదిలించేరు. పందొమ్మిది దగ్గర మెడ తిప్పేరు. ఆ తర్వాత నేను లెక్క మానేసేను. ఇలాగ గన్నవరం అవతల దాకా ఎలా వెళ్తున్నారండి బాబూ!"

బాగానే ఉందని చెప్పాను కదా అన్నాను, కొంచెం బింకంగా.

"మన వైపు నోరు ఆయ్ అంటాదండి. అది మర్యాద. నడుం అనదు కదండి" అన్నారు.

మా కోనసీమ మర్యాద సంగతి తెలియని వాళ్లకి ఒక ముక్క చెప్పాలి. పెళ్లిభోజనంలో పులిహోరలో ఉప్పు మర్చిపోయి, వడ్డించేవాడు ఎలా ఉందండీ అంటే, ఆయ్, బాగుందండి అంటాం. మంగలి చెవి గీరినా ఆయ్, పర్లేదండి అంటాం. డాక్టరు పొట్ట నొక్కి నొప్పిగా ఉందా అంటే, ఆయనెక్కడ నొచ్చుకుంటాడో అని, లేదండి అంటాం. సైకిలు షాపువాడికి ఇది పెద్ద చిక్కు. సీటు ఎక్కించి ఎలా ఉందండీ అని అడిగితే బాగుందంటారు, నొప్పితో ఇంటికి పోతారు. అందుకని ఆయన తన వృత్తిలో ఆ ప్రశ్నే మానేశారు. అడగడానికి బదులు వెనకాల వెళ్లి చెట్లు లెక్కపెట్టేవారు. మనిషి ఎన్నో చెట్టు దగ్గర మొదటిసారి సర్దుకుంటే అది అతని నంబరు. నాది పదకొండు.

పేరుకి సైకిలు షాపే గానీ చేతుల్లో ఉన్నది మగ్గం. ఇరవై ఏడేళ్లు నేసి వచ్చిన మనిషి. పానాలతో పాటు డబ్బాలో ఒక నాడె ఉండేది. పేకదారం మోసుకుంటూ మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే పడవలాంటి చెక్క. అరిగి అద్దంలా ఉండేది. దాన్ని నా సీటు మీద పెట్టారు. సర్రున ముందుకి జారి కింద పడింది. సీటు ఒరుసుకుంటోందని దాని ముక్కు కిందికి వంచుకున్నది నేనే.

"చూసేరా, నాడె జారినట్టే మీరూ జారుతున్నారు. జారకుండా చేతులు అడ్డం పెడుతున్నారు. బరువంతా అరచేతుల మీదే. వేళ్లు తిమ్మిరెక్కవాండి మరి?"

వాలు బల్ల మీద బరువు జారే లెక్క నేను ఏడాదికి రెండు సెక్షన్లకి చెప్తాను. సిగ్గేసింది. ఆయన పానా తిప్పి, నాడె ఎటూ జారకుండా నిలిచేదాకా సీటు సరిచేశారు. హ్యాండిలు కూడా చూడండి బాబాయిగారూ, దూరంగా ఉందనిపిస్తోంది అన్నాను.

"ఈ వారానికి ఇంతేనండి. అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది మంచి చేసిందో, ఏది చెడ్డ చేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

రెండో వారం సీటు అర వేలు దించారు. రేసు సైకిలన్నాక సీటు ఎత్తుగా ఉంటేనే అందం అనుకునేవాణ్ని. "పెడలు అందక మీ నడుం జల్లెడ పట్టినట్టు ఆడుతుందండి వెనక నుంచి చూస్తే" అన్నారు. మూడో వారం పడుగు దారానికి ఒక నట్టు కట్టి, నన్ను సైకిలు మీద కూచోబెట్టి, మోకాలి చిప్ప దగ్గర నుంచి వేలాడదీశారు. నట్టు పెడలు ఇరుసు మీదికి వచ్చేదాకా సీటుని ముందుకీ వెనక్కీ జరిపారు. నాలుగో వారం హ్యాండిలు రెండు వేళ్లు లేపి, కొమ్ములకి మిగులు నూలు దళసరిగా చుట్టారు. ప్రతివారం లాకుల దాకా నేను ముందు, ఆయన వెనక. పదకొండు ఇరవై అయింది. ఇరవై ముప్పై దాటింది. ఒక రోజు తిరిగొచ్చాక ఆయన ఏ నంబరూ చెప్పలేదు.

"ఎన్నో చెట్టండి?" అని నేనే అడిగాను.

"లాకులొచ్చేసేయండి" అన్నారు. అంతకంటే పెద్ద మెప్పు ఆయన నోట నేను వినలేదు. సుద్దముక్క పడటం మానేసింది. పొట్టేలు మీద ఆ స్కూలుకి ఎనిమిదేళ్లు వెళ్లాను.

ఆయనకో చిత్రమైన అలవాటు ఉండేది. ఎదురుగా వస్తే మనిషిని గుర్తుపట్టేవారు కాదు. ఒకసారి అమలాపురం బస్టాండులో ఎదురుపడి నమస్కారం పెడితే, మర్యాదగా చేతులు జోడించి, ఎవరో పెద్దమనిషి అన్నట్టు నిలబడిపోయారు. నేను నొచ్చుకుని వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశానో లేదో, "ఓ, మేస్టారా అండీ!" అని కేక. కుడిభుజం కొంచెం ఎత్తి నడుస్తానట నేను. నా మొహం ఆయనకి చివరిదాకా సరిగ్గా తెలుసునని అనుకోను.

ఆయన దగ్గరికి ఒక వేదపండితులు వచ్చేవారు. అరవై దాటినవారు. పంచె ఎగ్గట్టి, వెనక క్యారియరుకి పూజసామాను సంచీ కట్టుకుని, ఊరూరూ సైకిలు మీద తిరిగి కార్యాలు చేయించేవారు. పండితులవారి వెనకాల ఈయన వెళ్తే, లాకుల దాకా ఆయన కొయ్యబొమ్మలా కదలకుండా కూచున్నారట. దిగి, "చూశావా, దివ్యంగా ఉంది" అన్నారట. ఈయన ఆయ్ అని ఊరుకున్నారు. మర్నాడు పండితులవారు ఏదో శ్రాద్ధానికి వెళ్తుంటే, ఈయన అరటితోట చాటున నిలబడి చూశారు.

"వెనక మనిషున్నాడని తెలిస్తే వీపు కూడా మర్యాద చేస్తాదండి" అని నాతో అన్నారు. "నాలుగో చెట్టుకే లేచి నిలబడి తొక్కుతున్నారు, పాపం."

ఆ సంగతి పండితులవారితో అనలేదు. వారం పోయాక స్ప్రింగుల సీటు ఒకటి బిగించి, "కొత్త రకం వచ్చిందండి, మీరు వాడి ఎలా ఉందో చెప్తే పదిమందికీ పెడతాను" అన్నారు. పండితులవారు సాయం చేస్తున్నట్టే తీసుకున్నారు. ఆ సీటు మీద ఆయన పోయేదాకా తిరిగారు. ఇద్దరిలో ఎవరికీ మాట పడలేదు.

ఒక వర్షాకాలం మధ్యాహ్నం వాన పట్టుకుంటే ఆయన షెడ్డులో చిక్కుపడ్డాను. గుమ్మం ముందు రెండు మెట్లు ఉండేవి. వాటిని ఆయన ఎప్పుడూ పీతలాగ పక్కకి తిరిగి దిగేవారు. ఆ రోజు అడిగాను, మోకాళ్లకి ఏమైందండీ అని. ఆయన సొంత కథ చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"మా నాన్నగారి గుంటండి అది" అన్నారు. "మగ్గం ముందు కాళ్లు దించుకునే గుంట, కూచునే మనిషి కొలతకి తవ్వాలండి. మాది మా నాన్నగారికి తవ్వింది. ఆయన పొట్టి. నాకేమో మోకాళ్లు గడ్డానికి తగిలేవి. ఇరవై ఏడేళ్లు అందులోనే నేసేను."

"ఇంకో జానెడు తవ్వించుకోకపోయారా?"

"నాన్నగారు మొదటిరోజే అడిగేరండి, బాగుందా అని. ఆయ్, బాగుందండి అన్నాను. బాగుందన్నాక మళ్లీ తవ్వితే ఆయన్ని తప్పు పట్టినట్టు కదండి."

"పోనీ, ఆయన పోయాక?"

"పోయేక మరీ తవ్వలేం కదండి."

నేను నవ్వాను. ఆయనా నవ్వారు. నవ్వుతూనే, మీ అవస్థ ఇంట్లో ఎవరూ చూడలేదా అన్నాను.

"గుంటలో కూచున్నోడికి వెనకాల గోడే కదండి" అన్నారు.

వాన తెరిపిచ్చింది. ఆయన లేచి పక్కకి తిరిగి మెట్లు దిగి, నా సైకిలు సీటు మీది నీళ్లు తన తువ్వాలుతో తుడిచారు. ఆ మాటే తలుచుకుంటూ సైకిలెక్కాను. అయితే అలాటివి మనకి ఎంతసేపు గుర్తుంటాయి? అమలాపురం చేరేసరికి మర్నాటి స్లిప్ టెస్టు పేపరు గుర్తొచ్చింది.

రెండువేలు దాటాక నేనూ అందరిలాగే మోటారు సైకిలు కొన్నాను. పొట్టేలు పెరట్లో కొబ్బరి మట్టల పక్కకి చేరింది. ఆ దారిలో సైకిళ్లు పలచబడ్డాయి. పిల్లలు ఆటోల్లో, పెద్దలు మోపెడ్ల మీద. ఆయన షాపు ముందు బల్ల మీద కూచుని, వచ్చేపోయే బళ్ల మీద వీపులు చూస్తూ ఉండేవారు. నేను హారన్ కొట్టి, చెయ్యి ఊపి వెళ్లిపోయేవాణ్ని.

షెడ్డుకి తాళం చూడటానికి ఎనిమిది నెలల ముందు, ఆ రోజు ఎందుకో ఆగాను. స్కూలు తనిఖీకి పైఆఫీసరు వస్తున్నారు, పొద్దున్నే రమ్మన్నారు. ఇంజను ఆపలేదు, బండి దిగలేదు.

"బాబాయిగారూ, ఎలా ఉన్నారండి?"

ఎదురుగా ఉన్నాను కదా, కాసేపు పోల్చుకోలేదు. తర్వాత నా భుజం చూసి నవ్వారు. బాగా చిక్కారు. చిక్కారని నాకు అనిపించింది కూడా. వయసు కదా అనుకున్నాను.

"మేస్టారా అండీ! ఆయ్, బాగున్నానండి. ఏదీ, ఓసారి వేళ్లు ఆడించండి."

హ్యాండిలు మీద నుంచి కుడిచెయ్యి తీసి వేళ్లు ఆడించి చూపించాను. ఐదు వేళ్లూ చూశారు. చిటికెన వేలు మళ్లీ ఆడించమన్నారు. ఆడించాను.

"ఆయ్. వెళ్లిరండి మరి, టైమైపోద్ది."

బయల్దేరాను. బండికి అద్దం ఉంటుంది కదా. గట్టు మలుపు తిరిగేదాకా అందులో ఆయన కనిపిస్తూనే ఉన్నారు. నేను వెళ్లిపోయాననుకున్నారు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, ఇటు నుంచి అటు సర్దుకున్నారు. మళ్లీ అటు నుంచి ఇటు సర్దుకున్నారు. లేవబోయి, నడుం పట్టుకుని కూలబడ్డారు. గట్టు మీది మొదటి కొబ్బరిచెట్టు నేనింకా దాటలేదు.

చూశాను. ఏం చూశానో నాకు తెలుసు. అది చూడటం నేర్పింది ఆయనే. బండి వెనక్కి తిప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. తనిఖీ ఆఫీసరు ఆ రోజు పదకొండు గంటలకి వచ్చారు. సాయంత్రం వచ్చేటప్పుడు ఆగి కనుక్కుందాం అనుకున్నాను. సాయంత్రం వేరే మేస్టారితో మాట్లాడుకుంటూ దాటిపోయాను. ఆ తర్వాత, బాగున్నానని ఆయనే అన్నారు కదా అనుకున్నాను. అలా అనుకోవడం చాలా తేలిక.

తాళం చూసి ఇంటికొచ్చిన సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ మా ఆవిడకి చెప్పాను. ఎనిమిదేళ్లు నా చెయ్యి నిలబెట్టిన మనిషని ఆవిడకి ఆయనంటే గౌరవం. గడ్డ సంగతీ, డాక్టర్లు అన్న ఆర్నెల్ల సంగతీ విని, నర్సులు అడిగే ప్రశ్నే అడిగింది.

"మీరు చూసినప్పుడు ఎలా ఉన్నారండీ?"

"బాగున్నానన్నారు" అన్నాను.

ఆవిడ నా వెనకాల నిలబడి ఉంది. కడిగిన కాలే నేను మళ్లీ కడుక్కోవడం చూస్తోంది.